ఒంటెదారి విడిదిలో నేనన్న ‘ప్చ్’

బైబిలు కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నా భార్య వాళ్లకు టీ ఇస్తుంది, నేను సలహాలిస్తాను. వాళ్లు టీ మాత్రం పుచ్చుకుని వెళతారు. వెళ్లేముందు మర్యాదకైనా ఒకడు తప్పకుండా అడుగుతాడు, “అయ్యగారూ, మీ సేవలో మరచిపోలేని అనుభవం ఏదైనా చెప్పండి” అని.

ఏం ఆశిస్తున్నారో వాళ్ల ముఖాలు చూస్తేనే తెలుస్తుంది. కిక్కిరిసిన కూటం, కుండపోత వాన, ఒక్కరూ కదలకుండా విన్న వాక్యం, అలాంటిదేదో కావాలి వాళ్లకు. నా కూటాల్లో వాన వస్తే జనం లేచిపోయేవారు. వాన రాకపోయినా కొందరు లేచిపోయేవారు.

నా పేరు దైవాధీనం. మాది పల్నాడు. పాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ సంఘంలో ఎన్నేళ్లున్నానో, ఏ గుడికి శ్లాబు వేయించానో ఇక్కడ రాయబోవడం లేదు. ఆ శ్లాబుల్లో కొన్ని కారుతున్నాయి కూడా. పాస్టరు పని అంటే ఏమిటో నాకు నేర్పింది పాస్టరు కాకముందు ఒమన్‌లో గడిపిన ఒక వేసవి. డెబ్బయ్యో దశకం మధ్యలో మాట. అక్కడ నేను చేసిన సేవనంతా వడపోస్తే మిగిలేది ఒక్క చప్పుడు. తెలుగులో దాన్ని ‘ప్చ్’ అని రాస్తాం.

చెయ్యెత్తిన పాపం

మస్కట్ దగ్గర మిషన్ ఆసుపత్రి ఒకటి ఉండేది. రోడ్లు లేని రోజుల్లో ఆ ఆసుపత్రి తొలి డాక్టర్లు ఒంటెల మీద సముద్రపు ఒడ్డు వెంట సోహార్ వైపు వెళ్లి, ఊరూరా రోగులను చూసేవారట. దారిలో వాళ్లు దిగే విడిది ఒక ఖర్జూరపు తోటలో ఉండేది. మట్టి ఇటుకల ఇల్లు, రెండు గదులు, ఒక వసారా, ఒక బావి. ఒక గదిలో ఆ డాక్టర్ల ఒంటె జీను, రేకు మందుల పెట్టె, మడత మంచం అలాగే ఉంచి, చూడవచ్చినవాళ్లకు చూపించేవారు. రెండో గదిలోనూ వసారాలోనూ చిన్న దవాఖానా నడిచేది. వేసవిలో అక్కడి కాపలాదారు సెలవు మీద ఊరెళతాడు కాబట్టి జీతం లేకుండా సేవ చేసే మనిషి ఒకడు కావాలని మా కాలేజీకి కబురు వచ్చింది. ప్రిన్సిపాలుగారు అడగ్గానే నేను చెయ్యెత్తాను. ఇంకెవరూ ఎత్తకపోవడం చూసైనా నాకు అనుమానం రావలసింది.

అబ్రాహాము, ఒంటెలు, బావి దగ్గర రిబ్కా, ఇవి నా కళ్లముందు కదిలాయి. పైగా పల్నాటి ఎండలో పెరిగినవాణ్ని, నాకు ఎండొక లెక్కా అనుకున్నాను. మాది పొయ్యి ఎండ. ఒమన్ తీరానిది ఇడ్లీ పాత్ర ఎండ. సముద్రపు ఆవిరిలో మనిషి నిదానంగా ఉడుకుతాడు. ఓడ దిగిన మరునాటికే నాలోని అబ్రాహాము చొక్కా విప్పేసి బావి గట్టున చతికిలబడ్డాడు.

ఇంకో సంగతి కూడా అక్కడికి వెళ్లాకే తెలిసింది. విడిదిని చూడటానికి వచ్చేది మస్కట్‌లో ఉద్యోగాలు చేసే తెల్లవాళ్ల కుటుంబాలు. వాళ్లంతా వేసవి రాగానే స్వదేశాలకు వెళ్లిపోతారు. అంటే ఎవరూ చూడటానికి రాని కాలంలో చూపించడానికి నేను సముద్రం దాటి వెళ్లానన్నమాట.

చీపురు, జీను, ఒంటె పేరు

అక్కడ నా పైఅధికారి దవాఖానా నర్సు సుందరమ్మ సిస్టరు. నెల్లూరు మనిషి. అక్కడ ఉండి ఉండి అరబ్బీ నేర్చింది గానీ తెలుగు మాత్రం పెన్నా ఒడ్డుదే. నేను సంచీ దించకముందే నా చేతికి చీపురిచ్చింది.

“అబ్బయ్యా, ఈడ ప్రసంగాలు చేయగూడదు. వాళ్ల మతం వాళ్లది, వాళ్ల దేశం వాళ్లది. మనల్ని ఉండనిస్తుండారంటే మందులిస్తామని. నీళ్లడిగితే నీళ్లియ్యి, దారడిగితే దారి చూపించు. ఏసయ్య సంగతి అడిగితే నన్ను పిలువు.”

“నేను సేవకొచ్చానండీ సిస్టరుగారూ” అన్నాను కొంచెం రోషంగా.

“నేనూ అదే చెప్తుండా. వసారా ఊడువు.”

మంచి పైఅధికారి అంటే ఎవరని మీరు అడగవచ్చు. మన గురించి మనకున్న అభిప్రాయంతో పని లేకుండా మనకు పని చెప్పేవాళ్లు. తర్వాత నా సర్వీసులో పెద్దపెద్దవాళ్ల కింద పనిచేశాను. నా ప్రసంగం బాగుందన్నవాళ్లే అందరూ. వాళ్లలో ఏ ఒక్కరూ నాకు ఏమీ నేర్పలేదు.

ఒంటెదారి గురించి ఇంగ్లీషులో నేను కంఠతా పట్టిన ఉపన్యాసం ఒకటి ఉండేది. వినేవాళ్లు లేక అది నా కడుపులోనే పులిసిపోతుంటే దేవుడు రాజయ్యను పంపాడు. జగిత్యాల వైపు మనిషి. తీరం వెంట కొత్త రోడ్డు వేస్తున్న కంపెనీలో నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో మా బావి దగ్గర ఆగి, నీడలో నడుం వాల్చేవాడు. నన్ను పుస్తకంతో చూసి పంతులని పిలవడం మొదలుపెట్టాడు. పడుకోబోతున్న మనిషిని కూర్చోబెట్టి ఉపన్యాసమంతా తెలుగులో చెప్పాను. ప్రతి వాక్యానికీ ఊఁ కొడుతూ విన్నాడు. చివర్లో నేను గొంతు తగ్గించి, ఆ తొలి డాక్టరు జ్వరంతో ఇదే మంచం మీద పడి ఉండి కూడా రోగులను చూసిన ఘట్టం చెప్పాను.

“మంచిగనే ఉన్నది గని పంతులూ,” అన్నాడు రాజయ్య, “గా ఒంటె పేరేంది?”

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. అంత దూరం డాక్టర్లను మోసిన ఒంటె పేరు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. తర్వాత మస్కట్ నుంచి దారి తప్పి వచ్చిన ఒక దొరగారు కూడా జీను చూసి అదే ప్రశ్న వేశాడు. ప్రసంగం తయారు చేసుకునే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మీరు డాక్టరు గురించి చెబుతుంటారు, జనం ఒంటె గురించి ఆలోచిస్తుంటారు. ఒంటె సంగతి కూడా కనుక్కుని వెళ్లండి.

నా ఓదార్పు మహిమ

జూన్ వచ్చేసరికి ఖర్జూరం కోతలు మొదలయ్యాయి. కొండలవైపు ఊళ్ల నుంచి కూడా జనం తోటల్లోకి దిగారు. వాళ్లతోపాటు దవాఖానాకు రోగులూ పెరిగారు. సిస్టరుగారు కాన్పులు చూడటానికి బెస్తవాళ్ల పాకలకు వెళ్లినప్పుడు వసారాలో నేనే కూర్చునేవాణ్ని. నా పని వచ్చినవాళ్లను ఆమె తిరిగి వచ్చేదాకా కూర్చోబెట్టడం, నీళ్లివ్వడం. అంతకంటే నాకు ఏదీ అప్పగించలేదు.

నాకు వచ్చిన అరబ్బీ చాలా కొంచెం. ‘మాయ్’ అంటే నీళ్లు. ‘బుక్రా’ అంటే రేపు. వాళ్లు మాత్రం తమ బాధలన్నీ నాకు విడమరచి చెప్పేవారు. నడుం పట్టుకునేవారు, పొట్ట చూపించేవారు, ముఖం చిట్లించేవారు. మాట తెలియకపోయినా బాధ తెలిసేది. మా వైపు ఎవరైనా కష్టం చెప్పుకుంటే మధ్యలో మాట్లాడం. నాలుకను పళ్ల వెనక ఆనించి ‘ప్చ్’ అంటాం. కష్టం పెద్దదైతే ‘ప్చ్ ప్చ్ ప్చ్’ అంటాం. మా నాయనమ్మ ఈ విద్యలో ఆరితేరింది. చావింట్లో గుమ్మం దాటకముందే ఆవిడ ప్చ్ వినిపించేది, లోపల ఆడవాళ్లు అందుకుని ఏడ్చేవారు. నాకు ఆస్తిగా ఏమీ ఇవ్వలేదు గానీ ఈ చప్పుడు ఇచ్చింది.

నేను ప్చ్ అనగానే ఆ రోగులు నా వైపు చూసేవారు. ఇంకోమాట అడిగేవారు. నేను మరింత దయగా ఇంకో ప్చ్ అనేవాణ్ని. అప్పుడు “అల్‌హమ్దులిల్లా” అని దేవుణ్ని తలచుకుని, లేచి వెళ్లిపోయేవారు. మందుల కోసం ఆగేవారు కూడా కాదు.

నేనేమనుకున్నానో రాయడానికి ఈ వయసులో కూడా సిగ్గుగా ఉంది. నా ఓదార్పుకే సగం జబ్బు నయమవుతోందనుకున్నాను. ఏ ప్రసంగమూ లేకుండా, ఒట్టి జాలితో మనుషులకు స్వస్థత ఇచ్చే వరం నాకు దక్కిందనుకున్నాను. సిస్టరుగారికి చెబితే దిష్టి తగులుతుందేమోనని దాచుకున్నాను.

ఒక గురువారం పొద్దున గాడిద మీద ఒక ముసలావిడ వచ్చింది. కూతురు పక్కన నడుస్తోంది. ముసలావిడ దిగి, వసారా స్తంభం తడుముకుని కూర్చుంది. కూతురు తల్లి ముఖం మీద గుడ్డ తొలగించి నాకు చూపించింది. ఒక కన్ను తెల్లగా ముత్యంలా అయిపోయి ఉంది. రెండో కన్ను చింతనిప్పులా ఉంది. రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీకుతున్నాయి. రెప్ప వేసినప్పుడల్లా ఆవిడ భుజాలు అదిరేవి. కూతురు ఏదో అడిగింది. ‘డాక్టర్’ అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది.

నాయనమ్మ నేర్పిన విద్యంతా బయటికి తీశాను. ముసలావిడ తల నా వైపు తిప్పి తనే ఒక చిన్న ప్రశ్న వేసింది. ఇంకా గట్టిగా, ఇంకా పొడుగ్గా ప్చ్ అన్నాను. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. నేను తెచ్చిన నీళ్లు ఇద్దరూ ముట్టలేదు. ఆ నీళ్లు ముట్టకపోవడం మాత్రం నాకు కొంచెం బాధనిపించింది.

ఊరేది, పేరేంది

సిస్టరుగారు తిరిగివచ్చి, సిరంజిలు ఉడకబెట్టుకుంటూ అడిగింది.

“ఎవరన్నా వచ్చినారా అబ్బయ్యా?”

“కళ్లు బాగాలేని ముసలమ్మ వచ్చిందండీ. ఓదార్చి పంపించాను.”

“పంపించినావా? ఎల్లుండి కంటి డాక్టరొస్తుంటే పంపించేదేంది? ఏం జెప్పినావు?”

“నేనేమీ చెప్పలేదండీ. ప్చ్ అన్నాను, అంతే.”

ఆమె చేతిలో పటకారు ఆగిపోయింది. “ఏమన్నావు? మళ్లా అను.”

అన్నాను. ఆమె వెళ్లి, ఎవరూ ముట్టకూడని తొలి డాక్టరుగారి మందుల పెట్టె మీద కూలబడింది.

“ఓరి నాయనా. ఈ దేశంలో గడ్డం పైకెత్తి ఆ చప్పుడు చేస్తే ‘లేదు, కాదు’ అని. నువ్వు గడ్డం ఎత్తలేదనుకో, చూపులేనామెకు అదెట్ట తెలుస్తాది? చప్పుడే గదా ఇనపడేది. డాక్టరొస్తాడా అని అడిగింటాది, రాడన్నావు. కన్ను బాగవుతాదా అనింటాది, కాదన్నావు.”

“మరి ఇంతకుముందు వచ్చినవాళ్లు...” అన్నాను.

“వాళ్లకూ ఇదేనా? జనం తగ్గినారు, కోతల్లో ఉండారేమో అనుకుంటుండా.” ఆమె నుదురు కొట్టుకుంది. “సరే, ఆమెది ఊరేది?”

“అడగలేదండీ.”

“పేరేంది?”

“అడగలేదండీ.”

“మరేం జేసినావు అంతసేపు?”

“ఓదార్చానండీ.”

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాయనమ్మ అనేది. ఏ ఊరో చెప్పలేదు.

అప్పుడు సిస్టరుగారు ఆ కళ్లెలా ఉన్నాయో అడిగి తెలుసుకుని నిదానంగా నాకు విషయం చెప్పింది. తెల్లబడిన కన్ను ఇక రాదు. రెండో కన్నుకు చిన్న ఆపరేషన్ చేసి రెప్పను బయటికి తిప్పితే వెంట్రుకలు గీకడం ఆగుతుంది, చూపు నిలుస్తుంది. కంటి డాక్టరు శనివారం ఒక్కరోజే ఉంటాడు. మళ్లీ చలికాలందాకా రాడు. అప్పటికి ఆ కన్ను కూడా ముత్యమైపోతుంది. ఆవిడ బతికినన్నాళ్లూ ఒకరి చెయ్యి పట్టుకునే నడవాలి. నేను ఆ రాత్రి తిండి తినలేదు. అది భక్తితో చేసిన ఉపవాసం కాదు, ముద్ద దిగలేదు.

బుగ్గన ఖర్జూరం

మరునాడు శుక్రవారం, సెలవు. సిస్టరుగారు ఒక కాన్పు దగ్గర నుంచి కదలలేని స్థితిలో ఉంది. “కాదన్నది నువ్వు, పోయి అవునని చెప్పాల్సిందీ నువ్వే” అని నాకు ఒక్క వాక్యం నేర్పింది. ‘డాక్టర్ బుక్రా, తఆలీ.’ డాక్టరు రేపు, రామ్మా అని. దాన్ని నాచేత వల్లె వేయించాక, ఒక ఖర్జూరం తెచ్చి ఇచ్చింది.

“ఆమె ఇంటికాడికి పోతానే దీన్ని గింజతో సహా బుగ్గన పెట్టుకో. నాలుక ఊరికే ఉంటాది. కదిలించినావంటే గొంతుకడ్డం పడి చస్తావు. అదీ మంచిదే.”

రాజయ్యకు ఆ రోజు డ్యూటీ లేదు గానీ క్యాంపుకు నీళ్లు తేవాలి. సంగతి విని కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, “ముసల్దాని కన్ను ఖరాబైతది గదా పంతులూ. వాగు దిక్కు బాయికాడికెల్లి నీళ్లు తెస్త తియ్యి. కూసో” అని ట్యాంకరు ఎక్కించుకున్నాడు.

ఊరు తెలియకపోయినా గాడిద వెళ్లిన దిక్కు నాకు గుర్తుంది కాబట్టి, ఎండిన వాగు వెంట కొండలవైపు వెళ్లాం. మొదటి పల్లెలో ట్యాంకరు చుట్టూ మగవాళ్లు చేరారు. నేను ఒక కన్ను మూసి, రెండో కన్ను నలిపి, గాడిద కోసం ఓండ్రపెట్టి చూపించాను. కంటినొప్పి భరించలేక ఈ హిందీ, అంటే ఇండియావాడు, ఓండ్రపెడుతున్నాడని వాళ్లకు అర్థమైంది. పాపం మంచివాళ్లు. నన్ను చాపమీద పడుకోబెట్టి, ఇద్దరు కాళ్లు పట్టుకుని, ఒక పెద్దాయన నా రెండు కళ్లలోనూ ఏదో పసరు పిండాడు. లోకంలోని మిరపకాయలన్నీ ఆ కొండల్లోనే పండుతాయేమో అనిపించింది. కళ్లవెంట నీళ్లు ధారలుగా కారుతుంటే వాళ్లకు ధన్యవాదాలు చెప్పి ట్యాంకరెక్కాను.

రెండో పల్లెలో ఒక మనిషి ఖర్జూరపు చెట్టెక్కి గెల కోస్తున్నాడు. పడవల మీద బొంబాయికి తిరిగిన మనిషేమో, హిందీ వచ్చు. రాజయ్య కిందినుంచి సంగతి అరిచి చెప్పాడు. చెట్టుమీది మనిషి నన్ను చూసి కొడవలి ఆపాడు.

“వో నహీ బోల్‌నేవాలా హిందీ? యహీ హై?”

వాగు పొడుగునా నాకు ఆ పేరు స్థిరపడిపోయిందన్నమాట. లేదనే హిందీవాడు. ఆ తొలి డాక్టర్లలా సోహార్‌దాకా వెళ్లి జనాన్ని బాగుచేద్దామనుకున్నవాణ్ని, ఆ దారిలో నేను సంపాదించుకున్న బిరుదు అది. చెట్టు దిగకుండానే ఆయన కొడవలితో దారి చూపించాడు. ముసలావిడను ఉమ్ సాలిమ్ అంటారట, అంటే సాలిమ్ వాళ్లమ్మ.

నీటికాలువ పక్కన ఖర్జూరపు మట్టలతో కట్టిన పాక అది. ఉమ్ సాలిమ్ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కూతురు నన్ను చూడగానే ముసుగు సవరించుకుని వాకిట్లో అడ్డంగా నిలబడింది. నేను దూరంగా ఆగి, ఖర్జూరం బుగ్గకు తోసి, నా వాక్యం చెప్పాను. నోట్లో గింజ ఉండటంతో డాక్టర్ బుక్రా కాస్తా వేరే ఏదో అయింది. మళ్లీ చెప్పాను. లోపల ముసలావిడ తల కొంచెం తిరిగింది. ఆవిడ ఒక చిన్న పట్టుకారు పట్టుకుని, తడుముకుంటూ తన రెప్ప వెంట్రుకలు తానే పీక్కుంటోంది. ఒకటి పీకి, నొప్పికి మూలిగి, మళ్లీ వెతుక్కుంటోంది.

చప్పుడు నా గొంతులోంచి బయల్దేరింది. నాలుకను బిగబట్టాను. గింజ మింగేశాను. ప్చ్ మాత్రం రానివ్వలేదు.

“ప్చ్, ప్చ్, ప్చ్... అయ్యో తల్లీ” అన్నాడు నా పక్కన రాజయ్య.

నా నోటికి వేసిన తాళం గురించే ఆలోచించాం గానీ జగిత్యాల నాలుక కూడా తెలుగు నాలుకేనని మాకు తట్టలేదు. ముసలావిడ తల మళ్లీ గోడవైపు తిరిగిపోయింది. కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒక హిందీ రమ్మంటాడు, ఇంకో హిందీ లేదంటాడు. ఆమె నన్ను తిట్టిందని భాష రాకపోయినా తెలిసింది.

నాకు ఏడుపు వచ్చింది. అప్పటికే పసరు వల్ల కళ్లు ధారకడుతున్నాయి. ఆ కన్నీళ్లలో నావెన్నో మందువెన్నో నేటికీ చెప్పలేను. చెంపలమీద కారుతున్న నీళ్లు వేలితో చూపిస్తూ ప్చ్ అన్నాను. గుండెమీద చెయ్యి వేసుకుని ప్చ్ అన్నాను. ముసలావిడ వైపు చూపించి, మళ్లీ నా కన్నీళ్లు చూపించి ప్చ్ అన్నాను. తర్వాత రెండు చేతులూ జోడించి, ‘డాక్టర్ బుక్రా, తఆలీ’ అన్నాను. రాజయ్యకు కూడా అర్థమై, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ ప్చ్ ప్చ్ అనడం మొదలుపెట్టాడు. ఇద్దరు మగవాళ్లం ఆ ఎండలో నిలబడి, శక్తికొద్దీ తెలుగులో జాలిపడ్డాం.

కూతురు ముఖంలో కోపం పోయి అయోమయం వచ్చింది. కాసేపటికి అదీ పోయింది. ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లి తల్లితో ఏదో చెప్పింది. బయటికి వచ్చి నీళ్లిచ్చింది. “ఇన్‌షా అల్లా” అంది.

“దేవుని దయుంటే అన్నట్టు పంతులూ. వస్తరో రారో” అన్నాడు రాజయ్య ట్యాంకరెక్కుతూ.

శనివారం

కంటి డాక్టరుగారు పొద్దున్నే వచ్చారు. వసారాలో జనం బాగానే ఉన్నారు, ఉమ్ సాలిమ్ లేదు. నేను ఊడ్చిన వసారానే మళ్లీ ఊడుస్తూ తోట దారివైపు చూస్తున్నాను. ప్రార్థన చేయబోతే మాటలు రాలేదు. అంతకుముందు రోజుదాకా గంటల తరబడి ప్రార్థించగలనని గొప్పగా ఉండేది. ఆ రోజు నా ప్రార్థనంతా ఒకటే, గాడిద రావాలి. బిలాము కథలో గాడిద ప్రవక్తకంటే ముందే దేవదూతను చూసిందంటారు. ఆ కథమీద నేను పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాను. గాడిదకోసం ఎదురుచూడటం మాత్రం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి డాక్టరుగారు సామాను సర్దడం మొదలుపెట్టారు. సిస్టరుగారు కావాలనే ఒక్కో వస్తువూ రెండుసార్లు కడుగుతోంది. అప్పుడు తోట మలుపులో గాడిద కనబడింది. నేను చీపురు పట్టుకునే పరుగెత్తాను. వాళ్ల దగ్గరికి వెళ్లాక ఏం చెయ్యాలో తెలియక, ముందు నడుస్తూ దారిలో ఆకులు ఊడ్చాను. నా సేవాజీవితంలో నేను నడిపిన అతి గొప్ప ఊరేగింపు అదే.

ఆపరేషన్ అయ్యాక ఉమ్ సాలిమ్ కంటికి కట్టుతో కొన్నాళ్లు మా విడిదిలోనే ఉంది. తొలి డాక్టరుగారి మడత మంచం ఆవిడకే వేశాం. చూడటానికి వచ్చేవాళ్లు ఎలాగూ లేరు. నేను నీళ్లు పట్టుకెళ్లినప్పుడు, పక్కన ఎవరో మూలిగితే అలవాటుకొద్దీ నా నోట్లోంచి ప్చ్ జారిపడేది. ఆవిడ కట్టుకింద నవ్వేది. సిస్టరుగారు ఆవిడకు చెప్పిందట, ఈ పిల్లవాడి ఊళ్లో మనిషి కష్టం వింటే మనసు ఇట్ట చప్పుడు చేస్తాదని. ఉమ్ సాలిమ్ అది విని, “మీ ఊళ్లో ఎవరికైనా కాదని చెప్పడం చాలా కష్టం కదా” అందట. కష్టమే. పాస్టరుగా పనిచేసినన్నాళ్లూ నాకు అది కష్టంగానే ఉంది. కారే శ్లాబులు కట్టిన కంట్రాక్టర్లకు కూడా కాదని చెప్పలేకపోయాను.

ఇంతే నాకు తెలిసింది

జాలి మంచిదే. జాలి ఉందని చెప్పి ఊరేదో పేరేందో అడగడం మానెయ్యకండి. నా తర్వాతి సర్వీసులో చావింటికి వెళ్లినా ఆసుపత్రికి వెళ్లినా ముందు అడిగేవాణ్ని, ఇప్పుడు నీకేం కావాలి అని. చాలామంది ప్రార్థన కావాలనలేదు. ఆటో కావాలన్నారు, ఫలానావాళ్లకు కబురు చెప్పమన్నారు, ఒకావిడ కాసేపు వెళ్లిపొమ్మంది. వెళ్లిపోయాను. అది కూడా సేవేనని సుందరమ్మ సిస్టరు ఒప్పుకునేది.

వేసవి అయిపోయింది. కాపలాదారు తిరిగి వచ్చాడు. నేను బొంబాయి ఓడ ఎక్కడానికి మస్కట్ వెళ్లే రోజు, రాజయ్య ట్యాంకరు మా వాకిట్లో ఆగి ఉంది. తోట దారిలో ఉమ్ సాలిమ్ వచ్చింది. గాడిద వెనక ఉంది, దాని వెనక కూతురు ఉంది. ఆవిడ ముందు నడుస్తోంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కాలువ దగ్గర కాలు చూసుకుని దాటింది. నా దాకా వచ్చి, ఆ ఒక్క కంటితో నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఇంత సన్నగా ఉన్నాడేమిటని సిస్టరుగారిని అడిగింది. నేను ఎక్కడికి వెళుతున్నానని అడిగింది.

“వాళ్ల ఊరికి పోతుండాడు. సముద్రం అవతల” అని సిస్టరుగారు చెప్పింది. “మళ్లా రాడు.”

ఉమ్ సాలిమ్ నా ముఖంలోకి చూసి ‘ప్చ్’ అంది.

నేను చూశాను. ఆవిడ గడ్డం పైకెత్తలేదు. తల కొంచెం వంచి, అటూ ఇటూ ఊపుతూ, అచ్చం మా నాయనమ్మలా అంది.